ఖాళీ బండ్ల బరువు

నలభై తొమ్మిదేళ్ల ఇద్‌వాల్ పారీ ఎనిమిదేళ్ల పిల్లల బెంచీ మీద కూర్చుంటున్నాడని తెలిసి ఊరు మూడు రోజులు నవ్వుకుంది. మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకి పెట్టుకునేవాడు. పిల్లలు వాటి మీంచి దూకి వెళ్ళేవాళ్ళు. నాలుగో రోజు నుంచి ఎవరూ నవ్వలేదు. ఎందుకు కూర్చుంటున్నాడో ఊరికి తెలిసిపోయింది.

నవంబరులో అతని అల్లుడు ఎమ్లిన్ చచ్చిపోయాడు. ఎమ్లిన్ మీదికి వచ్చిన బండ్లకు బ్రేకు పట్టినవాడు ఇద్‌వాల్. నువ్వే చంపావని ఎవరూ అనలేదు. అనకపోవడం ఇంకా కష్టం. చాపెల్‌లో పాస్టరు దేవుడి చిత్తం అన్నాడు. క్వారీ మేనేజరు దురదృష్టం అన్నాడు. విచారణ చేసిన అధికారి, బ్రేకు మనిషి బండ్లను అదుపు తప్పనిచ్చాడు, ఇది ప్రమాదం అని రాసి సంతకం పెట్టి పోయాడు. కేసు లేదు, శిక్ష లేదు. బ్రేకు దగ్గర్నించి మాత్రం తీసేశారు. రాళ్ళు మోసే పనిస్తామన్నారు. ఇద్‌వాల్ కొండ ఎక్కలేదు.

అతనికి ఒక్కటే తెలియాలి. ఆ పొద్దున తన చెయ్యి తప్పిందా, లేదా?

ఆ క్వారీ సంగతి కొంచెం చెప్పాలి. పలకరాయి కొండ మీద ఉంది, రైలు కింద ఉంది. మధ్యలో నిటారు వాలు, దాని మీద రెండు జతల పట్టాలు. ఇంజను లేదు. ఇంజనుకు బొగ్గు కావాలి, బరువుకు ఏమీ అక్కర్లేదు కదా. కొండ నెత్తిన ఓ పెద్ద చెక్క పీపా, దానికి చుట్టిన ఇనుప తాడు. తాడు ఒక కొసకి రాయి నింపిన నాలుగు బండ్లు, రెండో కొసకి కింద నాలుగు ఖాళీ బండ్లు. నిండినవి దిగుతుంటే ఖాళీవి ఎక్కుతాయి. పీపా చుట్టూ ఇనుప పట్టీ, పట్టీ లోపల చెక్క దిమ్మలు, పట్టీని బిగించడానికి మనిషంత పొడుగు కర్ర. ఆ కర్ర దగ్గర ఇరవై రెండేళ్ళు నిలబడ్డవాడు ఇద్‌వాల్. కింద ఖాళీ బండ్లకు కొక్కెం తగిలించి, సిద్ధం అని గంట తీగ మూడుసార్లు లాగేవాడు ఎమ్లిన్. మామా అల్లుళ్ళ మధ్య అర మైలు దూరం, ఒక తాడు, మూడు గంట మోతలు. రోజంతా వాళ్ళ సంభాషణ అదే.

పొద్దున మొదటి దింపుడుకి కూలీలు ఆ ఖాళీ బండ్లలోనే ఎక్కి కొండ మీదికి పోయేవాళ్ళు. బండికి నలుగురు, మొత్తం పదహారు మంది; చోటు దొరకనివాళ్ళు మెట్లెక్కేవాళ్ళు. కంపెనీ ఎక్కమనలేదు, వద్దనీ అనలేదు. ముప్పావు గంట మెట్లెక్కి, చెమట చల్లారి, ఆ తర్వాత తడిరాయి మీద కూర్చోవడం ఎవడికిష్టం? ముప్పై ఏళ్ళుగా అలాగే పోతున్నారు. ఏడాదిన్నర కిందట గ్విలిమ్ అనే అతను జారిపడ్డాడు. కాలు చక్రం కింద నలిగింది. ఇద్‌వాల్ యూనియన్ కార్యదర్శి. మనుషులు కూర్చోవడానికి అంచులున్న బండ్లు చేయించండి, లేకపోతే ఈ ఎక్కుడు ఆపించండి అని కంపెనీకి కాగితం మీద కాగితం పెట్టాడు. కంపెనీ చివరికి మేల్కొంది. బండ్లు చేయించలేదు. బోర్డు పెట్టింది. ఖాళీ బండ్లలో ఎక్కినవారు పనిలోంచి తీసివేయబడుదురు. సోమవారం నుంచి అమలు.

శనివారం సాయంత్రం అందరూ ఇద్‌వాల్ మీద పడ్డారు. అతని చిన్ననాటి స్నేహితుడు గ్రిఫ్, నోరున్నవాడు, అందరి ముందూ అన్నాడు. "ఒరే ఇద్‌వాల్, బండి అడిగితే బోర్డు తెచ్చావు. ఇంకేమీ అడక్కురా నాయనా, ఈసారి బూట్లు కూడా విప్పించుకుంటారు." నవ్వులు. సోమవారం చీకట్లో కూడా, ముందుగా మెట్లెక్కి పోతున్న అతనికి వినపడేలా కింద నుంచి మోకాళ్ళ గురించి, కార్యదర్శుల గురించి ఏవేవో అనుకున్నారు. వాళ్ళు సగం దూరం ఎక్కారో లేదో కింద గంట మూడుసార్లు మోగింది. ఇద్‌వాల్ బ్రేకు వదిలాడు.

నిండు బండ్లు కదిలాయి. మూడో వంతు దిగేసరికి పీపా అరుస్తోంది. ఇద్‌వాల్ ఒళ్ళంతా కర్ర మీద వేశాడు. చెక్క దిమ్మలు పొగలు కక్కాయి. ఆగలేదు. కింద వంపు దగ్గర బండ్లు పట్టాలు తప్పి ఎమ్లిన్ నిలబడ్డ చోటికి పోయాయి.

తను ఆ క్షణంలో ఏం ఆలోచిస్తున్నాడు? అదే ఇద్‌వాల్‌ని తినేస్తోంది. గ్రిఫ్ అన్న మాటకి లోపల మండుతూ, ఏం బదులు చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాడు. మనసు అక్కడ ఉంటే చెయ్యి ఎక్కడుంది?

బడిలో పొయ్యి వెలిగించే ముసలావిడకు జనవరిలో జబ్బు చేసింది. పనిలేని మగవాడెవడా అని చూశారు. ఇద్‌వాల్ దొరికాడు. పొద్దునే మనవరాలు గ్వెన్నోని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం, బొగ్గు మోయడం, తరగతి గదిలో పొయ్యి ఎగదోయడం. ఎమ్లిన్ కూతురు గ్వెన్నో ఆ గదిలోనే మూడో బెంచీ. టీచరు మిస్ ప్రొథెరోదీ వెల్ష్ భాషే, కానీ ఆ దేశంలో దక్షిణాది మనిషి. ఆమె యాస విని పిల్లలే వెక్కిరించేవాళ్ళు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పిల్లల నోట్లో వెల్ష్ ఉంటుంది. ఆమె పుస్తకం మూసి పక్కన పెట్టి, చేత్తో వస్తువు పట్టుకుని పిల్లల భాషలోనే చెప్పేది. అలాంటి టీచర్లను పైవాళ్ళు ఎక్కువ రోజులు ఉంచరు.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె బల్ల మీద చెక్క బంతి పెట్టింది. ఇది తనంతట తను కదలదు, తోస్తే కదులుతుంది అంది. అది పిల్లలకు తెలుసు. ఒకసారి కదిలాక తనంతట తను ఆగదు కూడా, ఏదో ఒకటి ఆపితేనే ఆగుతుంది అంది. అది పిల్లలు ఒప్పుకోలేదు. బంతి ఆగుతుంది కదా టీచర్ అన్నారు. ఏది ఆపిందో కనిపెట్టండి అంది ఆమె. పొయ్యి దగ్గర బొగ్గు పార పట్టుకుని ఇద్‌వాల్ నిలబడిపోయాడు.

బడి వదిలాక అడిగాడు. "టీచరమ్మా, ఆపేది ఉంది, కానీ చాల్లేదనుకోండి. అప్పుడు?"

"నెమ్మదిస్తుంది పారీ గారూ. లేకపోతే వేగం పెరగడం తగ్గుతుంది. తోసేది ఎంత, ఆపేది ఎంత అన్న దాన్ని బట్టి."

"అది కొలవొచ్చా?"

"కొలవొచ్చు."

"నాకు నేర్పండి."

ఆమెకు ఊరి సంగతి తెలుసు. కాసేపు అతని చేతుల వంక చూసి, గురువారాలు వచ్చి పిల్లలతో కూర్చోమంది. వేరేగా చెప్పడానికి తనకి వేరే పాఠం రాదంది. అలా కూర్చున్నాడు.

తర్వాతి గురువారం రాపిడి. పలకను ఒక వైపు ఎత్తి, దాని మీద పొడి చెక్కదిమ్మ పెట్టింది. జారలేదు. పలకను తడిపింది, జారింది. సబ్బు రాసింది, సర్రున పోయి వెనక బెంచీ పిల్లవాడి ఒళ్ళో పడింది. గది గోలగోల. ఇద్‌వాల్ చెయ్యెత్తాడు. ఆ గదిలో మాట్లాడాలంటే చెయ్యెత్తాలి, అతనూ ఎత్తాడు. చెక్క తడిసి చల్లగా ఉండి, పీపా మీద నొక్కితే పట్టు తగ్గుతుందా అని అడిగాడు. తగ్గుతుందంది ఆమె.

ఆ సాయంత్రం ఇంటికి దాదాపు సంతోషంగా పోయాడు. నవంబరు పొద్దు, మంచు, వాన, దిమ్మలు తడిసి ఉంటాయి, పట్టు చిక్కలేదు. చెయ్యి కాదు, వాన. వానని ఎవడు తిడతాడు? రాత్రి భోజనంలో గొర్రెమాంసం, బంగాళాదుంపలు మారు వడ్డించుకున్నాడు. కూతురు నెస్టా అతని పళ్ళెం వంక చూసింది. పడుకోబోతూ గుర్తొచ్చింది. ఇరవై రెండు నవంబర్లు ఆ దిమ్మలు తడుస్తూనే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు మొదటి దింపుడు బుద్ధిగా దిగుతూనే ఉంది. వాన కాదు.

మరి మొదటి దింపుడు ఎప్పుడూ బుద్ధిమంతురాలే. అతనికి పని నేర్పిన ముసలి రోలంట్ మొదటి రోజే చెప్పాడు. "మొదటిది ఆవురా, తక్కినవి ఎద్దులు. ఆవుని వదిలెయ్, దాని దారిన అది పోతుంది. ఎద్దుల్ని మాత్రం మొదట్నించీ ముకుతాడు బిగించి పట్టుకో." ఎందుకలా అని ఇద్‌వాల్ అడగలేదు. తాడు పొద్దున బిర్రుగా ఉంటుంది కాబోలు, పీపా చలికి బిగుసుకుంటుంది కాబోలు అనుకున్నాడు. రోలంట్‌కి చెప్పినవాడూ అంతే అనుకుని ఉంటాడు. మొదటి దింపుడుకి కర్ర మీద ఒక్క చెయ్యి. తర్వాత వాటికి ఒళ్ళంతా. చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

ఫిబ్రవరి ఆఖరి గురువారం మిస్ ప్రొథెరో గిలక తెచ్చింది. గిలకంటే ఖాళీ దారపు కండె, మేకుకి తగిలించింది. ఈ ఊరి పిల్లలకు దూరదేశపు ఉదాహరణలెందుకు, కొండ మీద ఉన్నదే చెప్తానంది. నల్లబల్లకు ఆనించి పలక, పలక మీద రెండు గాడులు, దారానికి రెండు కొసల్లో రెండు అట్టపెట్టెలు. పై పెట్టెలో మేకులు నింపింది, కింది పెట్టె ఖాళీ. వదిలింది. మేకుల పెట్టె సర్రున దిగి కిందికొట్టుకుంది. పిల్లలు కేకలేశారు.

గ్వెన్నో లేచి నిలబడింది. "అలా కాదు టీచర్. మీరు దక్షిణాది కాబట్టి మీకు తెలీదు. ఖాళీ పెట్టెలో మనుషులుంటారు."

వారం కిందట పిల్లలందరూ బంకమట్టితో ఏదో ఒకటి చేశారు. గ్వెన్నో క్వారీ మనుషుల్ని చేసింది. వేలెడంత లేరు, టోపీలు మాత్రం ఉన్నాయి. పదిహేడు మందిని గౌను మీది పినాఫోర్ జేబుల్లోంచి తీసింది. పదహారు మందిని లెక్కబెట్టి కింది పెట్టెలో కూర్చోబెట్టింది. ఒకళ్ళిద్దరు పడిపోతే లేపి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆమెకి తొందర లేదు.

టీచరు వదిలింది. మేకుల పెట్టె మెల్లగా, వినయంగా దిగింది. కిందికి చేరి చిన్నగా తాకి ఆగింది.

ఆవులా.

ఇద్‌వాల్ బెంచీ మీంచి లేచాడు. మోకాలు బల్లకు కొట్టుకుంది, తెలియలేదు. ముందుకొచ్చి, ఒక్కసారి నేను వదుల్తాను టీచరమ్మా అన్నాడు. దారపు కండె మీద చూపుడువేలు ఆనించాడు. మనుషులున్న పెట్టెతో ఒకసారి దింపాడు. వేలితో లేతగా పట్టుకుంటే చాలు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతోంది. రెండుసార్లు దింపాడు. మూడుసార్లు. అంతే ఒత్తిడి, వేలు ఎంత నొక్కాలో వేలికే తెలిసిపోయింది.

"వాళ్ళని దింపెయ్ తల్లీ," అన్నాడు మనవరాలితో.

గ్వెన్నో పదహారు మందినీ ఒక్కొక్కరినే తీసి బల్ల మీద వరసగా పెట్టింది. జేబులో మిగిలిన పదిహేడో వాడిని తీసి పలక కింద, గాడి పక్కన నిలబెట్టింది. ఇద్‌వాల్ కళ్ళు కండె మీదే ఉన్నాయి. వేలు అలాగే పెట్టాడు, అంతే ఒత్తిడితో, ఇరవై రెండేళ్ళ పొద్దున్నలు పెట్టినట్టే. వదిలాడు.

కండె వేలి కింద చురుక్కుమంది. నొక్కాడు. అప్పటికే అందలేదు. పెట్టె కిందికొట్టుకుని పక్కకు దొర్లింది, మేకులు చిందాయి. మట్టి మనిషి నేలకు అంటుకుపోయి టోపీ ఒక్కటే గుండ్రంగా మిగిలింది.

ఈసారి ఎవరూ కేకలెయ్యలేదు. క్వారీ ఊరి పిల్లలు. గ్వెన్నో వంగి దాన్ని గోటితో గీకి తీసి, ఉండ చేసి, జేబులో వేసుకుంది.

బడి వదిలాక టీచరూ అతనూ నల్లబల్ల మీద లెక్క వేశారు. నిండు బండ్లు నాలుగు, ఆరు టన్నులు. ఖాళీవి నాలుగు, రెండు టన్నులు. తేడా నాలుగు. పీపాను లాగేది ఆ తేడాయే. పదహారు మంది ఎక్కితే టన్నుకు పైన. అప్పుడు తేడా మూడు కూడా ఉండదు. మొదటి దింపుడు ఆవు ఎందుకైందో అదీ కారణం. తక్కిన దింపుళ్ళకు దిమ్మలు కాగి, ఆరి ఉంటాయి, మొదటి క్షణం నుంచీ ఒళ్ళంతా కర్ర మీద ఉంటుంది, పట్టు చిక్కుతుంది. ఆ సోమవారం ఒక్క చెయ్యి, తడి దిమ్మలు, నాలుగు టన్నులు. వేగం అందుకున్నాక ఒళ్ళంతా వేసినా చెక్క కాలడమే గానీ ఆగడం ఉండదు.

అసలు మీ బ్రేకు ఎంత ఆపగలదో ఎవరైనా కొలిచారా అని ఆమె అడిగింది. ఇద్‌వాల్ తల అడ్డంగా ఊపాడు. రాయిని తూచేవాళ్ళు, ప్రతి బండినీ, ఔన్సు పోకుండా. బ్రేకుని కొలవలేదు. మనుషుల్ని తూచలేదు. మనుషులు సరుకు కాదు కదా, ఎవడు తూస్తాడు?

చెయ్యి తప్పలేదు. మనసు గ్రిఫ్ మాట మీద ఉన్నా, చెయ్యి రోజూ చేసేదే చేసింది. మూడు నెలలుగా వెతుకుతున్న జవాబు అదే. దొరికింది. ఇద్‌వాల్ ఆ జవాబు పట్టుకుని చిన్నపిల్లల బెంచీ మీద కూర్చుండిపోయాడు. టీచరు నల్లబల్ల తుడవబోయి ఆగింది. పొయ్యి ఆరిపోతే ఆమే బొగ్గు వేసింది.

ఆ మనుషుల్ని బండ్లలోంచి దింపించినవాడు అతనే.

ఇంటికెళ్ళేసరికి నెస్టా ఇస్త్రీ చేస్తోంది. ఎమ్లిన్ పోయాక స్టేషను దగ్గరి హోటలు దుప్పట్లు తెచ్చుకుని చేస్తోంది. టీ పెట్టి, గ్వెన్నోకి రొట్టె కోసి, పైగదికి పంపించాక ఇద్‌వాల్ చెప్పడం మొదలుపెట్టాడు. టన్నులు చెప్పాడు. ఆవు, ఎద్దు చెప్పాడు. మట్టి బొమ్మల సంగతి చెప్పాడు, పదిహేడో దాని సంగతి చెప్పలేదు. నెస్టా ఇస్త్రీపెట్టె దిమ్మ మీద పెట్టి ఆఖరిదాకా వింది.

"అంటే వాళ్ళు ఎక్కి వచ్చుంటే ఎమ్లిన్ ఆ సాయంత్రం ఇంటికొచ్చేవాడు."

"వచ్చేవాడమ్మా."

"ఎక్కనివ్వకండని ఏడాదిన్నర తిరిగింది నువ్వు."

"నేను అడిగింది మంచి బండ్లు చెయ్యమని..."

"ఏం అడిగావో నాకు చెప్పకు నాన్నా. ఆ కాగితాలన్నీ నా చేతిరాత."

నిజమే. ఇద్‌వాల్ నోటితో చెప్పేవాడు, అక్షరం బాగుంటుందని నెస్టా రాసేది. లేకపోతే ఈ ఎక్కుడు ఆపించండి అన్న వాక్యం రాస్తుంటే ఎమ్లిన్ ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఆ మాట గట్టిగా లేదు, ఇంకా గట్టిగా రాయి అన్నాడు. ఆమె కొట్టేసి గట్టిగా రాసింది. అది ఆమె ఇప్పుడు చెప్పింది. ఇద్‌వాల్ ఆ సంగతే మర్చిపోయాడు.

నెస్టా ఇస్త్రీపెట్టె ఎత్తింది. చల్లారిపోయింది. మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"నీ చెయ్యి కాదని తెలిస్తే కాస్త తేలికవుతుందనుకున్నా నాన్నా," అంది. "రోజూ నీకు అన్నం పెడుతూ ఆ చెయ్యి వంకే చూసేదాన్ని. ఇప్పుడు నా చెయ్యి కూడా చూసుకోవాలి."

అతను ఏదో అనబోతే ఆపింది. ఓదార్చవద్దంది. ఎమ్లిన్ స్థానంలో ఇప్పుడు కింద గంట కొడుతున్నది ఎవరని అడిగింది. డెవి, పెళ్ళై రెండేళ్ళు, వాళ్ళావిడ నిండు నెలలతో ఉందని తనే జవాబు చెప్పుకుంది. కొత్త బ్రేకు మనిషి భయం కొద్దీ గట్టిగా పడుతున్నాడు. భయం ఎన్నాళ్ళుంటుంది? ఏదో ఒక పొద్దున ముసలివాళ్ళెవరో మొదటిది ఆవురా అని వాడికీ చెప్తారు.

"పైకెళ్ళి చెప్పు," అంది.

నవంబరు తర్వాత మొదటిసారి ఇద్‌వాల్ మెట్లెక్కాడు. మధ్యాహ్నం తిండివేళ. కొండ మీద రాతి గది ఉంది, కాబన్ అంటారు. రొట్టెలూ, చల్లటి టీ డబ్బాలూ, వాదనలూ, పద్యాలూ, తీర్మానాలూ అన్నీ అక్కడే. బడికి పోనివాడు చదువుకునేదీ అక్కడే. దానికో అధ్యక్షుడుంటాడు, ఆ ఏడు గ్రిఫ్. ఇద్‌వాల్ లోపలికి రాగానే నమలడం ఆగిపోయింది. గ్రిఫ్ జరిగి చోటిచ్చాడు. ఇద్‌వాల్ కూర్చోలేదు. జేబులోంచి దారపు కండె, రెండు పెట్టెలు తీశాడు. బల్లను వాల్చి, పలకముక్కలు నింపి, చూపించాడు. ముందు గులకరాళ్ళతో, తర్వాత లేకుండా. మాట తడబడలేదు. కాగితాలు పెట్టింది నేను, మొదటి దింపుడుకి ఒక్క చెయ్యి వేసింది నేను, అవి రెండూ నావే అన్నాడు. బ్రేకు చాలదని ముప్పై ఏళ్ళు దాచింది మన ఒంటి బరువే అన్నాడు.

గ్రిఫ్ గొంతు సవరించుకున్నాడు. ఈ మాట బయటికి పోతే మనం ముప్పై ఏళ్ళు అనుమతి లేకుండా ఎక్కామని మనమే రాసిచ్చినట్టు, ఆలోచించు అన్నాడు. ఎవడో మూల నుంచి, అయితే మళ్ళీ ఎక్కుదాం, మోకాళ్ళూ బాగుపడతాయి, బ్రేకూ పడుతుంది అన్నాడు.

"ఎక్కితే మళ్ళీ మనమే బ్రేకు," అన్నాడు ఇద్‌వాల్. "జీతం లేని బ్రేకు. జారిపడితే కాలు మనది, దిగిపోతే పోయే ప్రాణమూ మనదే. ఒద్దు. వాళ్ళ బ్రేకు వాళ్ళు కొనుక్కోవాలి."

గ్రిఫ్ తన రొట్టె సగం మిగిలింది డబ్బాలో పెట్టేశాడు. శనివారం తనన్న మాట, ఆ బూట్ల మాట, అది తలుచుకుని తనూ నిద్రపోవడం లేదని అన్నాడు. ఎవరి వంకా చూడకుండా అన్నాడు. తర్వాత అధ్యక్షుడిగా తీర్మానం అడిగాడు. చేతులు లేచాయి. గ్విలిమ్ చంకకర్ర పక్కన పెట్టి మరీ చెయ్యెత్తాడు.

ఉత్తరం నెస్టాయే రాసింది. రాయనంటుందేమోనని ఇద్‌వాల్ భయపడ్డాడు. సిరాబుడ్డి తనే తెచ్చి పెట్టుకుంది. లెక్కలు మిస్ ప్రొథెరో సరిచూసింది. సంతకాలు నూట పన్నెండు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఖాళీ బండ్లలో మనుషులు ప్రయాణించుటకు కంపెనీ ఏనాడూ అనుమతి ఇచ్చి ఉండలేదు. కావున అట్టి బరువును ఏ లెక్కయందును పరిగణించజాలము. కింద సంతకం. ఇద్‌వాల్ దాన్ని కాబన్‌లో చదివి వినిపించాడు. అనుమతి లేని మనిషికి బరువు కూడా లేదన్నమాట. ఎమ్లిన్‌కి అనుమతి ఉంది కదా, అతని బరువు ఏ లెక్కలో వేశారు? ఇద్‌వాల్ ఆ కాగితాన్ని గోడకి మేకుతో కొట్టాడు.

ఈస్టరు సెలవుల్లో, కొండ మీద ఎవరూ లేనప్పుడు, బయటి నుంచి ఇద్దరు మనుషులొచ్చారు. సెలవులయ్యి పనికెళ్ళేసరికి పీపాకి కొత్త పట్టీ ఉంది, పాతదానికి రెట్టింపు వెడల్పు, పక్కనే రెండో కర్ర. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. విచారణ కాగితంలో ఒక్క అక్షరం మారలేదు. బ్రేకు మనిషి బండ్లను అదుపు తప్పనిచ్చాడు అనే ఉంది, ఈ రోజుకీ.

ముసలావిడకి జబ్బు నయమై పొయ్యి పనికి తిరిగొచ్చింది. ఇద్‌వాల్ రాళ్ళు మోసే పనిలో చేరాడు. అయినా కిందితరగతి పిల్లలు ఆ పాఠానికి వచ్చినప్పుడు మిస్ ప్రొథెరో అతనికి కబురు పంపింది. బరువూ వేగమూ తను చెప్పగలదట, బ్రేకు మాత్రం పట్టినవాడే చెప్పాలట. ఇద్‌వాల్ ఒక పూట పని మానుకుని వెళ్ళాడు. గ్వెన్నోని సాయానికి పిలిపించారు.

పలక వాల్చారు. పదహారు మందిని దింపేశారు. ఇప్పుడు ఖాళీవి నిజంగా ఖాళీగా పోతాయని, అందుకే వేలు మొదటి నుంచీ గట్టిగా ఉండాలని ఇద్‌వాల్ పిల్లలకు చెప్పాడు. వేలు ఆనించాడు. వదలబోతుంటే గ్వెన్నో, ఆగు తాతా అంది.

పదిహేడో వాడిని మళ్ళీ చేసుకుంది. పలక కింద నిలబడి ఉన్నాడు. ఆమె వంగి, వాడిని రెండు వేళ్ళతో ఎత్తి, దూరంగా కిటికీ గట్టు మీద పెట్టింది. సరిపోదనిపించి ఇంకొంచెం వెనక్కి జరిపింది. వెనక్కి తిరిగి చూసి తల ఊపింది.

అప్పటిదాకా ఇద్‌వాల్ వేలు తియ్యలేదు.